మూతా, కాలమూ

తెల్ల ద్రాక్షసారా గొప్పతనం పండులోనే కాదు, మూతలోనూ ఉంది. 2000లో ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయ ఉత్పత్తిదారులు కొందరు రీస్లింగ్ సీసాలకు బెండు బిరడాలు మాని మరమూతలు బిగించారు. గాలి చొరబాటు స్వల్పం గనుక ఆ ద్రాక్షసారా ఏళ్లతరబడి మెల్లగా పక్వమవుతుంది.

మా కర్నూలు, కడప పల్లెల ఈతకల్లుకు ఆ భాగ్యం లేదు. ద్రాక్షసారాకు పులియడం ముగిశాకే మూత. కల్లు తాగేవేళకూ పులుస్తూనే ఉంటుంది. మూత బిగిస్తే లోపలి వాయువు సీసానే పగలగొట్టగలదు. అందుచేత ఆనాటి సరుకు ఆనాడే, వచ్చిన ధరకే అమ్ముకోవాలి. వేడిచేసి పులియడాన్ని ఆపే యంత్రాలు లేకపోలేదు. అవి గీత కార్మికుని చేతిలో లేవు.

పాత ద్రాక్షసారా ధరతో నాగరికతను కొలిచే మిత్రులను నేనడిగేది ఒకటే: కాలాన్ని సీసాలో బిగించి లాభం తీయగలవారికీ, చెట్టు దిగేసరికే కాలం మించిపోయేవారికీ మధ్య ఉన్న తేడా రుచిదా, పెట్టుబడిదా?