చక్రవర్తి సమాధిలో బిషప్పు

గత వేసవిలో మా అమ్మాయి కుటుంబంతో కలిసి క్రొయేషియా దేశంలోని స్ప్లిట్ నగరాన్ని దర్శించే అవకాశం మా దంపతులకు లభించింది. జీవితమంతా నిర్మాణ పనుల మధ్యనే గడిపిన మాకు, సముద్రపుటొడ్డున ఉన్న డయోక్లీషియన్ రాజప్రాసాదాన్ని చూడవలెనన్న కోరిక చిరకాలంగా ఉన్నది. దాదాపు 215 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు గల ఆ కట్టడానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని యాద్రో నది ఊట నుండి కాలువ ద్వారా నీరు తెచ్చారు. ఆనాటి ఇంజనీర్లకు మనసులోనే నమస్కరించాము.

రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ 305లో తానుగా పదవి విడిచి ఇచ్చటకు వచ్చాడు. మళ్ళీ రాజ్యభారం వహించమన్న వారికి తాను పెంచిన క్యాబేజీలను చూడమని బదులిచ్చాడని ప్రతీతి. ఆ ముచ్చటకు నవ్వుకున్నాము గాని, ఆ తోటమాలి పూర్వచరిత్ర తలపునకు రాగా నవ్వు నిలువలేదు.

303 ఫిబ్రవరిలో నికొమీడియా నగరం నుండి ఆయన శాసనం వెలువడింది. క్రైస్తవుల ప్రార్థనాలయాలను కూల్చవలెను, గ్రంథాలను తగులబెట్టవలెను, పదవులలో ఉన్న క్రైస్తవులకు హోదా తీసివేయవలెను. మరుసటి సంవత్సరం ప్రజలందరూ దేవతలకు బలి అర్పించవలెనన్న ఆజ్ఞ వచ్చింది. కాదన్నవారిని చెరసాలలు, చిత్రహింసలు, మరణదండనలు వరించాయి. ప్రాణభయంతో గ్రంథాలు అప్పగించినవారూ ఉన్నారు.

ఈ ఉత్తర్వులను అమలు జరిపినవారు మనవంటి ఉద్యోగులే. అయితే అమలు అంతటా ఒకే తీరున లేదు. తూర్పున హింస పెచ్చరిల్లగా, గాల్ ప్రాంతాన్ని పాలించిన కాన్‌స్టాంటియస్ గోడలు కూల్చి, మనుషులను విడిచిపెట్టాడని సమకాలికుడైన లాక్టాంటియస్ వ్రాశాడు. శాసనం ఒక్కటే, దానిని అందుకొన్న చేతులు వేరు. సంతకాలు చేయుటకు అలవాటుపడిన మా చేతిని మేము ఒకమారు చూసుకున్నాము.

స్ప్లిట్‌కు సమీపాన గల సలోనా నగరపు బిషప్పు డోమ్నియస్‌ను 304లో చంపించారు. 311లో గలేరియస్ చక్రవర్తి మరణశయ్యపై నుండి ఆ హింసను విరమింపజేశాడు. ఏడవ శతాబ్దంలో సలోనా నాశనం కాగా, ఆ ఊరి శరణార్థులు ఈ ప్రాసాదపు గోడల నడుమ తలదాచుకున్నారు. డయోక్లీషియన్ తనకై కట్టించుకున్న అష్టకోణ సమాధి మందిరాన్ని చర్చిగా మార్చారు; అది డోమ్నియస్ పేరనే ప్రసిద్ధి పొందింది.

ఆ మందిరంలో నిలిచి పైకి చూశాము. ఇటుకల గుమ్మటం చెక్కుచెదరలేదు. దాని క్రింది శిల్పపంక్తిలో చక్రవర్తిదని చెప్పే ముఖం నేటికీ ఉన్నది. ఆయన శవపేటిక మాత్రం ఏమైనదో తెలియదు. క్రింద డోమ్నియస్ పీఠం ముందు ఒక వృద్ధురాలు కొవ్వొత్తి వెలిగించుచున్నది. మా శ్రీమతి చెప్పులు బయటనే విడిచి వచ్చినదని అప్పుడు గమనించి, మేమూ వెనుకకు వెళ్ళి విడిచి వచ్చాము.