అమ్మ ఫోనూ, 'జ్ఞా' అక్షరమూ

మొన్న అప్‌డేట్ అయ్యాక అమ్మ నా ఫోన్ ఎత్తడం మానేసింది. అలిగిందేమో అనుకున్నా. ఊరెళ్తే తెలిసింది: పచ్చగుర్తు ఇదివరకు నొక్కితే చాలు, ఇప్పుడు పక్కకి జరపాలట. అమ్మకి చదువు రాదు. రంగునీ చోటునీ గుర్తుపెట్టుకుని ఫోన్ నేర్చుకుంది. ఆ చదువుని ఒక్క రాత్రిలో చెరిపేశారు.

2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఉన్న మెసేజ్ తెరిస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. వార్తలకెక్కిన కొద్దిరోజులకే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. ఖరీదైన ఫోన్ ఆగిపోతే లోపం సాఫ్ట్‌వేర్‌ది. మరి అమ్మ ఆగిపోతే?

"నాకే తెలివి లేదు నాయనా" అంది. తరాలుగా మమ్మల్ని బడి బయట నిలబెట్టినవాళ్లు అమ్మకి నేర్పిన మాట అది.

తప్పు నీది కాదమ్మా. మిత్రులారా, ఈ మాట మీ అమ్మలకీ చెప్పండి.

జై భీమ్.