టిఫినా? నాన్‌సచ్చా?

చీరల కొట్లో ఒక్క చీరా నచ్చకపోతే ఏ గొడవా లేదు. చెప్పులు తొడుక్కుని బయటికొచ్చేస్తాం. రెండు నచ్చితేనే చిక్కు. కొట్టతను రెండింటినీ పక్కపక్కన పరిచి, "రెండూ మీకోసమే నేసినట్టున్నాయమ్మా" అంటాడు. చేతిలో డబ్బు ఒకదానికే ఉంటుంది. ఏది కొన్నా, ఇంటికొచ్చాక రెండోదే కళ్లలో మెదులుతుంది. చీరకైతే ఫర్వాలేదు, మళ్లీ పండగ రాకపోదు. ఆడపిల్లని ఏ బళ్లో వెయ్యాలన్న దగ్గర ఈ చిక్కొస్తే మాత్రం తేలిగ్గా తేలదు. అది ఏడేళ్ల మాట.

మేముండేది లండన్‌కి నైరుతి మూల, వూస్టర్ పార్క్ అనే చోట. ఇక్కడ పిల్లలు పదకొండో ఏట పెద్దబడికి మారతారు. మామూలు బడికైతే పరీక్షలేమీ ఉండవు. గ్రామర్ స్కూలు కావాలంటే మాత్రం 'లెవెన్ ప్లస్' గట్టెక్కాలి. ఇవి ప్రభుత్వ బళ్లే, ఫీజు లేదు. అలాంటివి ఇంగ్లండ్ మొత్తానికి 163 మిగిలాయి. పదేళ్ల పిల్లల్ని జల్లెడ పట్టడం అన్యాయమని 1965 తర్వాత చాలావాటిని మామూలు బళ్లుగా మార్చేశారు. 1998లో అయితే కొత్తవి పెట్టడానికి వీల్లేదని చట్టమే చేశారు. అందుకే మిగిలినవాటికి ఇంత గిరాకీ. ఒక్కో బడిలో సీట్లు రెండు వందల లోపో, కాస్త పైనో. రాసే పిల్లలు వేలు. మనవాళ్లయితే నాలుగో తరగతి నుంచే కోచింగుల్లో పెడతారు. ఊరు మారినా మనం మారతామా!

2022లో మా అమ్మాయి ఈ పరీక్షలకు కూర్చుంది. మా ఇంటికి అందుబాటులో ఉన్న రెండు ఆడపిల్లల గ్రామర్ స్కూళ్ల మీద మా అందరి దృష్టీ పడింది. ఒకటి కింగ్‌స్టన్‌లో ఉన్న టిఫిన్ గర్ల్స్ స్కూలు. రెండోది చీమ్‌లో ఉన్న నాన్‌సచ్ హైస్కూలు.

తెనాల్లో ఉన్న మా అత్తయ్యగారికి ఫోన్లో ఈ సంగతి చెప్పాను.

"టిఫిన్ స్కూలా? అదేం పేరే అమ్మాయ్! పొద్దున్నే ఇడ్లీలూ అవీ వాళ్లే పెడతారా?"

"లేదండీ, అది ఇంటిపేరు."

"ఇంటిపేరే అంత రుచిగా ఉంటే చదువు ఎంత బావుంటుందో" అన్నారావిడ. ఆవిడ ఓటు టిఫిన్‌కి పడిపోయింది.

ఆ అన్నదమ్ములకీ మన ఇడ్లీకీ చుట్టరికం లేదు. థామస్ టిఫిన్, జాన్ టిఫిన్ అని పదిహేడో శతాబ్దంలో కింగ్‌స్టన్‌లో బీరు కాచి డబ్బు గడించిన సోదరులు. పోతూపోతూ ఊళ్లో బీదవాళ్ల కొడుకుల చదువుకని కొంత సొమ్ము రాసిపోయారు. కొడుకుల చదువుకే సుమండీ! ఆ పేరుతో ఆడపిల్లలకో బడి రావడానికి 1880 దాకా పట్టింది.

ఇక నాన్‌సచ్ కథ ఇంకా తమాషా. ఇద్దరు ఆడపిల్లలున్నా మగపిల్లాడే కావాలని పెళ్లి మీద పెళ్లి చేసుకున్న ఎనిమిదో హెన్రీ మహారాజు మీకు తెలుసుగా! 1537లో ఆయనకు కొడుకు పుట్టాడు. మర్నాటి ఏడే ఈ చుట్టుపక్కల ఓ పల్లెని ఖాళీ చేయించి, గుడితో సహా పడగొట్టించి, మేడ మొదలుపెట్టాడు. 'ఇలాంటిది మరొకటి లేదు' అనే అర్థం వచ్చేలా దానికి నాన్‌సచ్ అని పేరు పెట్టాడు. ఆ కొడుకు పదిహేనేళ్లకే పోయాడు. మేడ మీద ముచ్చటపడి గడిపింది కూతురు ఎలిజబెత్ రాణి. తర్వాత రెండో చార్లెస్ దాన్ని తన ప్రియురాలికిస్తే, ఆవిడ 1680లలో కూలగొట్టించి, సామానంతా అమ్మేసి జూదం అప్పులు తీర్చుకుందట. సాటిలేని మేడ అలా ఇటుకల లెక్కన అమ్ముడుపోయింది. ఇప్పుడక్కడ పార్కు ఉంది. దాని అంచున 1938లో ఈ ఆడపిల్లల బడి పెట్టారు. కొడుకు పుట్టాడని కట్టిన మేడ పేరుని ఇప్పుడు రోజూ వందలమంది కూతుళ్లు కోటు జేబు మీద పెట్టుకుని తిరుగుతున్నారు. హెన్రీ చూస్తే ఏమనేవాడో!

రెండు బళ్లూ చూడటానికి వెళ్లాం. పెద్ద క్లాసు ఆడపిల్లలే మమ్మల్ని తిప్పి చూపించారు. రెండుచోట్లా ప్రయోగశాలలు బావున్నాయి, గ్రంథాలయాలు బావున్నాయి, ఆ పిల్లలు కళ్లలోకి చూసి మాట్లాడే తీరు అన్నిటికన్నా బావుంది. మావారు ఇంజినీరు. ఆయన కంప్యూటరులో పెద్ద పట్టిక వేశారు. ఫలితాల్లో టిఫిన్ కాస్త పైన తేలింది. "లెక్క స్పష్టంగా ఉందిగా" అన్నారు.

నేను బి.ఏ. చదివినదాన్ని. నాకు పెద్ద లెక్కలు రావు గానీ పాలవాడి లెక్కలొచ్చు. పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. మా వీధి చివరి నుంచి 213 నంబరు బస్సు రెండువైపులకీ వెళ్తుంది. రోడ్డుకి ఇవతల ఎక్కితే చీమ్. అక్కడ దిగి కాస్త నడిస్తే నాన్‌సచ్. మొత్తం అరగంట. రోడ్డు దాటి అవతల ఎక్కితే కింగ్‌స్టన్. అక్కడ 65 పట్టుకోవాలి. మొత్తం గంట. రానూపోనూ తేడా రోజుకో గంట. ఏడాదికి బడి 190 రోజులు. ఏడేళ్లు. గుణిస్తే 1330 గంటలు! పిల్ల వయసులో అన్ని గంటలు 213 కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలా?

ఈ లెక్క అత్తయ్యగారికి కూడా చెప్పాను. "దూరం ఎక్కువండీ, అందుకని దగ్గరదే మేలేమో అనుకుంటున్నాను" అన్నాను. ఫోన్లో కాసేపు మాట లేదు. లైను పోయిందేమోననుకున్నాను.

"నన్నూ దూరమనే ఆపారమ్మాయ్" అన్నారు. "1964లో. ఎనిమిదితో మా ఊరి బడి అయిపోయింది. హైస్కూలు మూడు మైళ్లు. ఆడపిల్లకి దూరమన్నారు. మరుసటేడు మా తమ్ముడికి ఆ దూరమే ఒక సైకిలుతో సరిపోయింది."

కోపంగా అనలేదు. పాలు పొంగాయన్నట్టు మామూలుగా అన్నారు. ఇరవయ్యేళ్లుగా ఆవిణ్ణి ఎరుగుదును. ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు.

ఆ రాత్రి నా పెన్సిలు లెక్క నా ముందే నిలబడి నన్ను నిలదీసింది. అబ్బాయే ఉంటే ఈ గుణకారం చేసేదాన్నా? ఆడపిల్ల చదువు దగ్గర అడ్డుకట్ట ఎప్పుడూ 'వద్దు' అనే మాటతో రాదు. దూరం, చీకటి, సీట్లు లేవు... ఇలా మర్యాదైన పేర్లతో వస్తుంది. ఇక్కడ మాత్రం తక్కువా? బర్మింగ్‌హామ్ గ్రామర్ స్కూళ్లలో మగపిల్లలకు ఏడాదికి 540 సీట్లుంటే, ఆడపిల్లలకు 360 ఉండేవి. అంచేత సీటు రావాలంటే ఆడపిల్లకు మగపిల్లాడికన్నా ఎక్కువ మార్కులు రావలసి వచ్చేది. సమానావకాశాల కమిషన్ కోర్టుకెక్కింది. అది వివక్షేనని 1989లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. తేల్చి ఎన్నాళ్లో కాలేదు. నేనప్పటికే పుట్టాను.

అందుచేత, దూరమన్న మాటని మా ఇంట్లో ఇంకెవరూ, నాతో సహా, పిల్ల తరఫున వాడకూడదనుకున్నాను. అది అడ్డో కాదో చెప్పవలసింది బస్సెక్కేది ఎవరో వాళ్లు.

ఇక్కడ దరఖాస్తు సంగతి కొంచెం చెప్పాలి. లండన్‌లో ఒకే ఫారంలో ఆరు బళ్ల దాకా వరుసగా రాయొచ్చు. మనం ఏ బడిని ఎన్నో స్థానంలో రాశామో బళ్లకు తెలియనివ్వరు. రెండుచోట్లా సీటు వచ్చేటట్టుంటే, మనం పైన రాసినదే ఇస్తారు. కిందది దానంతటదే పోతుంది. గడువు అక్టోబరు 31. టిఫిన్ తుది ఫలితం ఆ గడువు దాటాక గానీ రాదు. అంటే, వస్తుందో రాదో తెలియని దాన్ని పైన పెట్టాలా కింద పెట్టాలా అన్నది ముందే తేల్చుకోవాలి. తాంబూలాలకు ముందే విడిది గదులు పంచడంలాంటిది.

ఒక ఆదివారం మా అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. తనకీ ఓ పుస్తకం ఉంది, అందులో తన లెక్కలున్నాయి. మా లెక్కలకీ వాటికీ పోలికే లేదు. భోజనాల దగ్గర వరుస ఎంత పొడుగుంది? గ్రంథాలయంలో ఒంటరిగా కూర్చున్న పిల్లని ఎవరైనా పలకరించారా? బొమ్మలు గోడకి నిటారుగా అంటించారా, వంకరగానా? అన్నిట్లోనూ రెండు బళ్లకీ ఇంచుమించు సమానంగా వేసింది.

"బస్సు దూరమని భయమా?" అన్నాను.

"భయమెందుకు? పై అంతస్తులో ముందు సీట్లో కూర్చుంటా."

"మరైతే టిఫిన్ పైన రాద్దామా?"

కాసేపు ఆలోచించి, "కానీ అమ్మా, ఆ గంట నాది కదా" అంది.

"ఆ గంటలో ఏం చేస్తావే?"

"ఏమీ చెయ్యను."

మావారు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పొయ్యి మీద కుక్కరు మూడో కూత వేసేలోపు ఒక పేరా, పిల్ల నిద్రపోయాక ఇంకో పేరా... అలా గంటలు దొంగిలించి నవలలు రాసినదాన్ని నేను. మీలో ఎంతమంది అలా దొంగిలించిన గంటల్లో ఈ పేజీలు చదువుతున్నారో నాకు తెలియనిది కాదు. మన చేతుల్లో గంట ఉంటే దానికో పని అంటగట్టే దాకా ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు, మనకీ పట్టదు. 'ఆ గంట నాది, ఏమీ చెయ్యను' అని పదేళ్ల పిల్ల ఇంత తేలిగ్గా అనగలిగిందంటే, దాన్ని కాదనడానికి నాకు నోరు రాలేదు. అత్తయ్యగారిని దూరం పేరు చెప్పి ఆపారు. ఈ పిల్ల దూరాన్ని కొలిచి, వెళ్లగలనని తేల్చుకుని, అప్పుడు వద్దంది. కింద నుంచి చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి. కానీ తలుపుకి గడియ లోపలుందా బయటుందా అన్నదే కదా తేడా!

నాన్‌సచ్ ఒకటి, టిఫిన్ రెండు. ఫారం మీద అదే తన వేలితో నొక్కి పంపింది. మావారు పట్టికని మరోసారి చూసుకుని, నిట్టూర్చి, మూసేశారు.

అన్నీ ఇంత సాఫీగా ఏం లేదు. మా పక్కింటి పిల్ల మొదటి పరీక్షలోనే ఆగిపోయింది. ఇద్దరూ చిన్నబడికి చేయీ చేయీ పట్టుకుని వెళ్లినవాళ్లు. ఆ వారమంతా మా అమ్మాయి తన మార్కుల కాగితం ఎవరికీ చూపించలేదు. ఎంచుకునే భాగ్యం వచ్చినవాళ్లు గొప్పవాళ్లని కాదు, ఎంచుకోవడానికి ఏమీ మిగలనివాళ్లు తక్కువవాళ్లనీ కాదు. ఇది పిల్లలకి మనం చెప్పకముందే తెలుసు. మనకే అప్పుడప్పుడు గుర్తుచెయ్యాలి.

2023 మార్చి 1 సాయంత్రం ఈమెయిలు వచ్చింది. నాన్‌సచ్. అత్తయ్యగారికి చెబితే, "ఆ గంటసేపూ నిజంగానే ఏమీ చెయ్యదా? చూస్తూ ఊరుకుంటావా?" అని అడిగారు. ఊరుకుంటానన్నాను. "మంచిదే అమ్మాయ్" అన్నారు.

ఆ నెలలోనే మా తెలుగువాళ్ల ఉగాది సభలో ఒకావిడ నన్ను పచ్చడి గిన్నెల దగ్గర పట్టుకున్నారు. "టిఫిన్ పరీక్ష కూడా రాయించి వెనకపెట్టారటగా! ఎందుకండీ?" అన్నారు, నేనేదో వడ్డాణం ఏట్లో విసిరేసినట్టు.

"ఏం చెయ్యమంటారండీ, మా పిల్ల టిఫిన్ వద్దంది. వేళకి ఇంటికొచ్చి భోజనమే చేస్తానంది" అన్నాను.