స్ప్రింగుకి రంగేయించే ముందు

పాత ప్రీమియర్ పద్మినిని ఇంకా ప్రాణంగా చూసుకునే వాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళతో కూర్చుంటే ఏ మాటైనా చివరికి బండి మీదకే వస్తుంది. తరచూ అడిగేది ఒకటుంది: "ముందు స్ప్రింగులు తుప్పు పట్టాయండీ, పౌడర్ కోటింగ్ చేయిస్తే కొత్తవాటిలా అవుతాయంటున్నారు, చేయించమంటారా?" తప్పకుండా చేయించండి. కాకపోతే ముందు నాలుగు మాటలు వినాలి. తీరిగ్గా కూర్చోండి.

పద్మినికి వెనక కమాను కట్టలు, ముందు చుట్టల స్ప్రింగులు. కట్టలో ఒక పట్టీ విరిగినా మిగతావి బరువు మోస్తాయి, బండి నెమ్మదిగా ఇల్లు చేరుతుంది. చుట్ట స్ప్రింగుకి ఆ తోడు లేదు. మొత్తం ఒక్కటే కడ్డీ. అందుకే దాని ఒంటి మీద చిన్న గంటు కనబడినా నాకు మనసు ఊరుకోదు.

స్ప్రింగు నొక్కుకుంటోందని మనం అంటాం. లోపల జరిగేది మెలి. చక్రం మిట్ట ఎక్కిన ప్రతిసారీ ఆ కడ్డీ తన చుట్టూ తాను మెలితిరుగుతుంది. మెలితిరిగే కడ్డీలో నడిమధ్యనున్న ఉక్కుకి పెద్ద పని ఉండదు, భారమంతా పైపొర మీదే. అందులోనూ చుట్టకి లోపలివైపు మరీ ఎక్కువ. సరిగ్గా అక్కడ తుప్పు ఒక గుంట తవ్విందంటే పగులు అక్కణ్ణుంచే బయల్దేరుతుంది.

తయారుచేసేవాళ్ళకి ఈ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. స్ప్రింగు తయారయ్యాక సన్నటి ఉక్కు గుళ్ళను దాని మీద వర్షంలా కొడతారు. షాట్ పీనింగ్ అంటారు దాన్ని. ఆ దెబ్బలకి పైపొర లోపలికి బిగుసుకుపోతుంది, పగులు నోరు తెరవడం కష్టమవుతుంది. ఈ దెబ్బ ఎంత తగిలిందో కొలవడానికి సన్నటి ఉక్కు రేకు వాడే పద్ధతిని జనరల్ మోటార్స్‌లో పనిచేసిన జాన్ ఆల్మెన్ కనిపెట్టాడు. ఇవాళ్టికీ ప్రపంచమంతా ఆయన రేకుతోనే కొలుస్తోంది. తుప్పు గట్టిగా ఉందని గ్రైండింగ్ రాయి పెట్టి అరగదీస్తే ఆ బిగువు పొరే పోతుంది. వైరు బ్రష్షుతో, సన్న ఇసుకతో చేసే శాండ్ బ్లాస్టింగ్‌తో సరిపెట్టండి.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి వస్తాను. మన దగ్గర చాలా కోటింగ్ షాపుల్లో సెవెన్ ట్యాంక్ ప్రాసెస్ నడుస్తుంది. జిడ్డు తీసే ట్యాంకు, నీళ్ళ ట్యాంకు, తుప్పు తీసే ట్యాంకు, ఫాస్ఫేటింగు, ఇలా వరస. తుప్పు తీసే ట్యాంకులో ఉండేది యాసిడ్. గేట్లకీ, గ్రిల్స్‌కీ, బీరువాలకీ అది మంచి పద్ధతే, అవి మెత్తటి ఇనుము. స్ప్రింగు ఉక్కు అలాంటిది కాదు, చాలా గట్టిది. యాసిడ్ ఉక్కుతో కలిసినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది, అందులో కొంత ఉక్కులోకి దిగిపోతుంది. అంత గట్టి ఉక్కుని అది పెళుసుగా మార్చేస్తుంది. ఆ స్ప్రింగు బయటికి మెరుస్తూ ఉంటుంది, బిగించాక కొన్నాళ్ళు బాగానే మోస్తుంది, తర్వాత ఒకరోజు ఏ గుంతా లేకుండానే ఠక్కున విరుగుతుంది. నిలిపి ఉంచిన బండిలో కూడా విరగొచ్చు. ఎలాగూ ఓవెన్‌లో పెడతాం కదా, పోతుంది లేండి అని ఎవరైనా అంటే నమ్మకండి. హైడ్రోజన్ బయటికి పోవాలంటే దాదాపు 200 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి. పౌడర్ కరిగి గట్టిపడటానికి 10 నుంచి 20 నిమిషాలే ఉంచుతారు.

ఆ వేడికి స్ప్రింగు మెత్తబడిపోదా అని కూడా అడుగుతారు. మెత్తబడదు. తయారీలోనే దాన్ని 400 డిగ్రీలు దాటిన వేడిలో పదును చేసి ఉంటారు. ఓవెన్ 180, 200 దగ్గర ఉంటుంది. స్ప్రింగుని పాడుచేసేది గ్యాస్ మంట. బండి కిందికి దిగాలని చుట్టలు వేడిచేసి కూర్చోబెట్టే పని నా దృష్టిలో క్షమించరానిది.

ఇక పౌడర్ సంగతి. పూత కొట్టే తుపాకీ ఆ పౌడర్‌కి వేల వోల్టుల విద్యుత్తు ఎక్కిస్తుంది, ఎర్త్ చేసిన స్ప్రింగు దాన్ని లాక్కుంటుంది. చిక్కేమిటంటే పౌడర్ బయటి అంచులకే ఎగబడుతుంది, చుట్టల లోపలికి పోవడానికి మొరాయిస్తుంది. భారం ఎక్కువుండే చోటే పూత పల్చబడుతుందన్నమాట. తెలిసిన పనివాడు వోల్టేజి తగ్గించి, తుపాకీని చుట్టల మధ్యనుంచి తిప్పుతూ ముందు లోపలివైపు కొట్టి, తర్వాత బయటికి వస్తాడు. అడుగున జింకు ప్రైమర్ పౌడర్ వేయించుకుంటే ఇంకా మేలు, రాయి తగిలి పెచ్చు లేచినా జింకు కాపు కాస్తుంది. ఆ ప్రైమర్‌ని పూర్తిగా కాల్చేయకుండా సగంలో ఆపి పైపూత వేయాలి, లేకపోతే రెండూ పట్టుకోవు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్నచోట బ్లాస్టింగ్ అయిన పూటే కోటింగ్ అయిపోవాలి, ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు.

విప్పేటప్పుడు స్ప్రింగు కంప్రెసర్ లేకుండా చేయి పెట్టకండి, నొక్కి ఉన్న స్ప్రింగు మనిషి ప్రాణం తీయగలదు. మారుతి లాంటి బండ్లలో షాక్ అబ్జార్బర్‌తో కలిపి ఓవెన్‌లో పెడదామంటే ఒప్పుకోకండి, లోపలి నూనె, గ్యాస్ ఆ వేడికి పేలగలవు. కుడీ ఎడమా గుర్తు రాసుకోండి, ఫ్యాక్టరీ రంగు చుక్కలు ఉంటే ఫోటో తీసుకోండి.

బ్లాస్టింగ్ అయ్యాక వెలుతురులో తిప్పి చూడండి. గోరుకి తగిలే గుంటలుంటే రంగు మీద ఖర్చు మానేసి కొత్త జత కొనండి, పూత గుంటని కప్పుతుందే గానీ పూడ్చదు. బాగుంటే షాపుకి ఇచ్చేటప్పుడు "యాసిడ్ వద్దు" అని చీటీ రాసి, దాన్ని స్ప్రింగుకే వైరుతో కట్టి ఇవ్వండి. మీరు కౌంటర్లో మాట్లాడిన మనిషీ, ట్యాంకుల దగ్గర పనిచేసే కుర్రాడూ ఒకరే కాకపోవచ్చు.