పడుగు, పేక, కణుపు

షోలాపురమున నివసించు తెలుగువారి చెవులలో మూడు భాషలు నిత్యము మ్రోగుచుండును. వీధిలో మరాఠీ, పొరుగున కన్నడము, ఇంట తెలుగు. తెలంగాణ జిల్లాలనుండి నూలును నమ్ముకొని తరతరముల క్రిందట ఇచటికి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములలో మాదియు నొకటి. ఈ సంచికను చదువు ఇతర రాష్ట్రములలోని తెలుగు కుటుంబములవారికి మా స్థితి క్రొత్తగా తోపదు. భాషను వెంటదెచ్చుకొన్నవారు దానితోపాటు ఒక వృత్తిని, ఆ వృత్తికి సంబంధించిన మాటలను గూడ తెచ్చుకొందురు. వృత్తి సడలినప్పుడు మొట్టమొదట జారిపోవునవి ఆ మాటలే. పడుగు, పేక, నాడె, అచ్చు, ఆసు అను పదములను మా తండ్రులు దినమునకు నూఱుమార్లు పలికెడివారు. మా పిల్లల నోట నవి పండుగనాటి మాటలైనవి.

మేమిచట చెప్పదలచినది మగ్గమును గూర్చి కాదు. కంప్యూటరుపై చిత్రములను కలిపి కూర్చు పనిముట్లను గూర్చి. అయినను మగ్గము మాట రాక తప్పదు. ఏలయన, మేము ఆ విద్యను నేర్చుకొన్నది మగ్గము భాషలోనే.

వేర్వేరుగా తీసిన చిత్రములను ఒకదానిపై నొకటి పఱచి, అవి యొకేచోట ఒకేమారు తీసినవానివలె కనబడునట్లు చేయుటను చిత్రసంయోజనమందురు. ఇది మనవారికి తెలియని విద్య కాదు. 1957లో మద్రాసున కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున నిర్మితమైన మాయాబజారులో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ చూపిన చిత్రములు నేటికిని మన యిండ్లలో పిల్లలను, పెద్దలను అలరించుచున్నవి. ఆనాడు ఫిల్ముపై జరిగిన పని నేడు అంకెలతో జరుగుచున్నది. అంతియ భేదము.

ఆ అంకెల లెక్కను 1984లో థామస్ పోర్టరు, టామ్ డఫ్ అను ఇరువురు లూకాస్‌ఫిల్ము సంస్థలో పనిచేయుచు ఒక వ్యాసమున స్థిరపఱచిరి. చిత్రమందలి ప్రతి బిందువునకు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడంకెలతోపాటు నాలుగవ అంకె యొకటి యుండును. దానిని ఆల్ఫా యందురు. ఆ బిందువును పైచిత్రము ఎంతమేరకు కప్పియున్నదో అది తెలుపును. నేతగానికి దీనిని వివరింప నొక్క నిమిషము చాలును. పలుచని బట్ట నొకదానిని తీసికొనుడు. దానిలో సగము నూలు, సగము సందు అనుకొందము. దానిని గోడపై పఱచినచో గోడ సగము కనబడును. దానిమీద అటువంటిదే మఱియొక బట్టను పఱచినచో గోడ పూర్తిగా మఱుగుపడునా? పడదు. రెండవ బట్ట, మిగిలిన సగములో సగమునే కప్పగలదు. కావున నూటికి 75 పాళ్లు మఱుగై 25 పాళ్లు కనబడును. ఆ యిరువురు చెప్పిన సూత్రమునకు ప్రాణమంతయు ఇదియే: పైదానిని యథాతథముగ నుంచి, క్రిందిదానిని సందులమేరకు మాత్రమే చూపవలెను.

మేము వాడునది బ్లెండరు అను ప్రోగ్రాము. దాని చరిత్ర కొంత చెప్పుట యుక్తము. హాలెండు దేశీయుడైన టాన్ రూజెండాల్ 1994లో తన చిత్రశాల యవసరమునకై దీనిని వ్రాయనారంభించెను. తరువాత దీనిపై వ్యాపారము చేసిన సంస్థ 2002లో మూతపడెను. అప్పుడు ప్రపంచమందలి వాడుకరులు ఏడు వారములలో లక్ష యూరోలు చందాగా కూర్చి దాని మూలమును విడిపించిరి. 2002 అక్టోబరు 13న అది స్వేచ్ఛా లైసెన్సు క్రింద సర్వజనులదయ్యెను. 2006లో 'ఎలిఫెంట్స్ డ్రీమ్' అను చిన్న చిత్రమును దీనితోనే నిర్మించునపుడు, ఆ చిత్రము నవసరముకొలది, చిత్రసంయోజనమునకై నోడుల పద్ధతి దీనిలో చేరెను. 2025లో అకాడమీ బహుమానమందిన లాత్వియా దేశపు 'ఫ్లో' అను చిత్రమును బ్లెండరుతోనే తీసిరి.

ఆంగ్లమున నోడు అను దానిని మేము మా పిల్లలయొద్ద 'కణుపు' అందుము. చెఱకు కణుపు నెఱుగని బిడ్డ మా జిల్లాలో లేడు. ప్రతి కణుపును ఒక్క పనియే చేయును. ఒకటి బొమ్మను తెచ్చును, ఒకటి రంగు మార్చును, ఒకటి మసకచేయును, ఒకటి రెండు బొమ్మలను కలుపును. ఒక కణుపునుండి మఱియొకదానికి పోవు తీగను మేము 'పోగు' అంటిమి. బొమ్మ ఎడమనుండి బయలుదేఱి పోగులవెంట సాగి కుడివైపున పూర్తియగును. నడుమ ఏ కణుపును మార్చినను మూలచిత్రమునకు హాని లేదు. నేసిన బట్టను విప్పి మఱల నేయగలిగినచో ఎట్లుండునో అట్లుండును.

మా యవసరము చిన్నది. షోలాపురపు చద్దరు జకార్డు మగ్గముపై నేయబడును. 1804లో లియాన్ నగరమున జకార్డు కనిపెట్టిన ఆ యంత్రమునకు చిల్లులుగల అట్టలే ఆజ్ఞలు. నమూనాను గళ్ల కాగితముపై గీచి, అట్టలు కొట్టించి, పడుగు పోసి, గజము నేసి చూచినగాని అది యెట్లుండునో తెలియదు. నచ్చకున్నచో ఆ శ్రమ, ఆ నూలు వృథా. పెద్ద కార్ఖానలవారు నమూనాకారులను జీతమునకు పెట్టుకొందురు. నాలుగు మగ్గముల యింటివానికి ఆ స్తోమతు లేదు. నేయకముందే చద్దరును తెఱపై చూపగల ఉపాయము కావలెనని మా తమ్ముని కొడుకు, వాని సహాధ్యాయి, మేము ముగ్గురము కూడి ఆలోచించితిమి.

తెల్లని చద్దరు ఫొటోపై నమూనాను పఱచుటకు బ్లెండరులో నున్న కణుపులే చాలును. నాలుగు మూలలకు సరిగా నమూనాను లాగునది యొకటి, ముడుతల ననుసరించి జరుపునది యొకటి, వెలుగునీడలను గుణించునది యొకటి, అన్నిటిని ఫొటోపై పఱచునది యొకటి. లేనిది వేఱొకటి యుండెను. చిత్రకారుని బొమ్మలో వేలరంగు లుండవచ్చును; నేతగాని యింట ఆరు రంగుల నూలే యుండును. ప్రతి బిందువును ఆ యాఱింటిలో మిక్కిలి దగ్గఱ రంగునకు మార్చు కణుపు కావలెను. ఉన్న కణుపులనే ముడివేసి చేసినప్పుడు నలుబదికి పైగా కణుపులు కావలసివచ్చెను. ఆ చిక్కును చూచి పిల్లలు 'ఇది ఆసు కాదు, పిల్లి ముట్టిన నూలుండ' అనిరి. కావున బ్లెండరు మూలమునే తెచ్చుకొని, సి ప్లస్ ప్లస్ భాషలో క్రొత్త కణుపును వ్రాసి, ప్రోగ్రామును మఱల కూర్చుకొంటిమి.

ఆ పనిలో మూడు సంగతులు మమ్ము చాల ఆలోచింపజేసెను. మొదటిది వెలుగు లెక్క. తెఱపై 0 మొదలు 255 వఱకు గల అంకెలలో 128 సగము వెలుగని చూడగానే తోచును. కాని నిజముగా అది నూటికి 22 పాళ్ల వెలుగే. సగము వెలుగునకు అంకె 188. నల్ల నూలు, తెల్ల నూలు సమముగ నేసిన బట్ట దూరమునుండి ఎట్లు కనబడునో చెప్పవలెనన్నచో, ముందు అంకెలను వెలుగులోనికి విప్పి, సగటు కట్టి, మఱల తెఱ అంకెలలోనికి చుట్టవలెను. లేనిచో బట్ట మురికిపట్టినట్లు కనబడును.

రెండవది అంచుల సంగతి. బ్లెండరులో రంగంకెలు ఆల్ఫాతో ముందే గుణింపబడి యుండును. అంచున సగము కప్పిన ఎఱ్ఱ బిందువు సగము ఎఱుపుగా వచ్చును. దానిని యథాతథముగ నూలురంగులతో పోల్చినచో ముదురు గోధుమరంగునకు చిక్కును. కావున పోల్చుటకు ముందు ఆల్ఫాతో భాగించి, పోల్చినపిమ్మట మఱల గుణింపవలెను.

మూడవది రెండు యంత్రముల సంగతి. ఈ లెక్కను కంప్యూటరు మూలయంత్రము చేయవచ్చును, చిత్రయంత్రము చేయవచ్చును. 2024లో వెలువడిన 4.2 సంచికనుండి తుది చిత్రమును గూడ చిత్రయంత్రముపై కూర్చు వీలు కలిగినది. రెండింటను ఒకే ఫలితము రావలెను. మా కణుపు ప్రక్క బిందువులను చూడదు. ప్రతి బిందువును దాని మట్టునకు అదియే మార్చుకొనును. అట్టివి వరుసగా నున్నచో బ్లెండరు వానిని ఒకే పనిగా చిత్రయంత్రమున కప్పగించును. మసకచేయు కణుపునకు ఆ సౌకర్యము లేదు. అది ఇరుగుపొరుగులను అడుగక కదలదు.

కణుపు సిద్ధమైన పిమ్మట దానిని మూలముతో సహా అందఱకు ఇచ్చివేయుదమని పిల్లలు పట్టుపట్టిరి. అప్పుడు మా పెద్దబాపు కలుగజేసికొనిరి. వారికి ఎనుబదేండ్లు దాటినవి. నమూనా కాగితములను బీరువాలో పెట్టి తాళపుచెవిని మొలకు కట్టుకొన్న తరమువారు.

"ఆ కణుపు జేసెతందుకు మీకు మూడు నెల్లు వట్టె. ఊరికిస్తే పక్క కార్ఖానవాడు గూడ గదే జేస్తడు. మరి మనకేం మిగుల్తది బిడ్డా?"

మా తమ్ముని కొడుకు వినయముగనే బదులు చెప్పెను. ఆ లైసెన్సు ప్రోగ్రామునకే గాని, దానితో చేసిన బొమ్మకు వర్తింపదు. బొమ్మ చేసినవానిదే. ప్రోగ్రామును మార్చి తన యింట వాడుకొనువాడు ఎవరికిని ఏమియు ఇయ్యనక్కఱలేదు. మార్చినదానిని పరులకు ఇచ్చినప్పుడు మాత్రము మూలమును గూడ ఇయ్యవలెను.

"అంటే అచ్చు ఊరిది, చద్దరు మనది. గంతేనా?" అని వారు కొంతసే పూరకుండిరి. తరువాత అడిగిన ప్రశ్న కష్టమైనది. "మరి మన చద్దరు ఫోటో దీస్కపోయి, గీ కణుపుల వేసి, ఆరు రంగులకు దెచ్చి నేస్తే ఎవడాపుతడు?"

దానికి మాలో ఎవరియొద్దను బదులు లేకపోయెను. ఏ ప్రయోజనమునకైనను వాడుకొను హక్కును స్వేచ్ఛా లైసెన్సు ఇచ్చును; మంచివానికొకటి, దొంగకొకటి అని యుండదు. మేము చేసిన పనిముట్టు నమూనాను చూపుటకెంత పనికివచ్చునో, దొంగిలించుటకును అంతియే పనికివచ్చును. ఒక రాత్రియంతయు దీనినే తర్కించుకొంటిమి. తుదకు మాకు తోచినది ఇది: నమూనాను దొంగిలింపదలచిన పెద్దవానికి జీతగాడైన నమూనాకారుడు ఇదివఱకే యున్నాడు, వానికి మా కణుపుతో పని లేదు. దానిని దాచినందువలన లోటుపడువాడు నాలుగు మగ్గముల యింటివాడే. ఈ మాట విని పెద్దబాపు సంతోషింపలేదు, అడ్డుచెప్పనులేదు.

ఇచ్చివేసితిమి. కొన్ని నెలలకు ప్రక్కవీధి కార్ఖానలోని పడుచువాడొకడు దానిని వాడుకొని, ఆరు రంగులకు బదులు ఎనిమిది రంగులు పట్టునట్లు సవరించి, ఆ సవరణను మాకు పంపెను. వాని కది విధి కాదు. తన కార్ఖానలోనే వాడుకొనుచుండెను. పెద్దబాపుకు చూపగా వారు కండ్లద్దములు సరిచేసికొని, ఎనిమిది రంగుల నెమలిని చాలసేపు చూచి, "పేక సక్కగున్నది" అని మాత్రమనిరి.

దీనివలన షోలాపురపు మగ్గములు నిలుచునని మేము చెప్పజాలము. నూలుధర, కరెంటుధర, బజారు, వీనిపై కణుపునకు అధికారము లేదు. కాని మఱియొకటి మేము కన్నులార చూచుచున్నాము. సెలవుదినములలో మాయొద్ద ఈ విద్య నేర్చుకొనవచ్చు పిల్లలు మరాఠీ బడులలో చదువుకొన్నవారు. తెలుగు లిపి చాలమందికి రాదు. అయినను వారిప్పుడు "ఈ పోగును ఆ కణుపుకు కట్టు", "పేక రంగు మార్చు" అని ఒకరితోనొకరు తెలుగున పలుకుచున్నారు. ఆ మాటలకు వారి నోట మఱల పని దొరకినది.

బ్లెండరు ఫైలులో ఒక యేర్పాటు కలదు. ప్రతి ఫైలును తనలోని వివరము లేక్రమమున నున్నవో ఆ వర్ణనను గూడ తనతో మోసికొనిపోవును. ప్రోగ్రాము ఎంత మాఱినను, వెనుకటి ఫైలును చదివి క్రొత్త పద్ధతికి మార్చు భాగములను వ్రాసి యుంచుట అచటివారి నియమము. కణుపు నొకదానిని చేర్చినవాడు దానిని రేపు మార్చవలసినచో, నిన్న దానిని వాడినవాని పని చెడకుండ చూడవలెను. పరదేశమున స్థిరపడిన మన కుటుంబములకు ఈ నియమము తెలిసినదే. బిడ్డలు ఎట్లు మాఱినను మనము వలదనలేము. వెనుకటిదానిని విప్పి చదువుకొను నేర్పును మాత్రము వారి చేతి కందింపవలెను. మీ మీ యూళ్లలో కంచరి, వడ్రంగి, నేత, అద్దకము, ఏ వృత్తి మాటలు మిగిలియున్నను, పిల్లలు నేర్చుకొను క్రొత్త విద్యలో వానికి చోటు కల్పింపుడని చదువరులను కోరుచున్నాము.