గల్లీ మీద గీత

ఢిల్లీ సంగతి ఇయ్యాల పక్కన పెట్టి మన గల్లీ ముచ్చట చెప్పుకుందాం. మోరీ నిండినా, వీధి దీపం ఆరిపోయినా ముందు యాదికొచ్చేది ఎమ్మెల్యే కాదు, కౌన్సిలరే గదా!

ఆ కౌన్సిలర్ ఏ గల్లీలకో తేల్చేది వార్డు గీత. 2014లో నల్లగొండ మున్సిపాలిటీకి 40 వార్డులుండె. 2020 మున్సిపల్ ఎన్నికల నాటికి 48 అయినయి. మహబూబ్‌నగర్‌ల 41 ఉన్నవి 49 అయినయి. 2011 జనాభా లెక్కల ప్రకారం నల్లగొండ జనం సుమారు లక్షా యాభై నాలుగు వేలు. అంటే వార్డుకు సగటున 3,850 మంది ఉండేటోళ్లు 3,200కు తగ్గిన్రు. తక్కువ మందికి ఒక కౌన్సిలర్ దొరికితే మనకు మేలే. కానీ ఐదేండ్లు పెండ్లికీ సావుకూ తిరిగి, బోరు వేయించి, గల్లీని తనది చేసుకున్న కౌన్సిలర్‌కు ఆ గల్లీ పక్క వార్డుల కలిస్తే ఎట్లుంటది? దాని మీద రిజర్వేషన్ల లెక్క. సగం సీట్లు ఆడోళ్లవి గదా, కొందరు మగమహారాజులు అప్పటికప్పుడు ఇంట్ల ఇల్లాలిని ఒప్పించుకోవాల్సి వచ్చింది.

"కాకా, నీది ఏ వార్డు?" అంటే "లిస్టు చూసినంక చెప్త బిడ్డా" అనే కాలమది.

పాత పాలకవర్గాల గడువు 2019 జులైల అయిపోయింది. వార్డుల విభజన మీద ఊరూరి నుంచి హైకోర్టుకు పోయిన్రు. చివరికి పోలింగ్ 2020 జనవరి 22న జరిగింది.

25న నల్లగొండ పెట్టెలు విప్పితే ఏం తేలింది? టీఆర్ఎస్ 20, కాంగ్రెస్ 20, బీజేపీ 6, మజ్లిస్ 1, ఇండిపెండెంట్ 1. ఒక్క వార్డు గీత నాలుగిండ్లు అటో ఇటో పడుంటే కథ మారేదేమో! సమానంగ వచ్చేసరికి ఎక్స్ అఫీషియో ఓట్లు పని చేసినయి. అంటే ఏ వార్డుల నిలబడని ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీల ఓట్లు. టీఆర్ఎస్ తరఫున మందడి సైదిరెడ్డి చైర్మన్ అయిండు. 15 వార్డుల నేరేడుచర్ల మున్సిపాలిటీల అయితే ఆ ఓటు ఎవరికుండాలన్న దాని మీదనే పెద్ద రచ్చయింది. 2023 డిసెంబర్‌ల రాష్ట్ర సర్కారు మారింది, 2024 జనవరిల అవిశ్వాసంతోని నల్లగొండ కుర్సీ కాంగ్రెస్ చేతికొచ్చింది.

ఇంగ్లండ్‌ల కూడ స్థానిక కౌన్సిళ్ల వార్డులు ఇట్లనే మారుతయి. కానీ అక్కడ గీత గీసే పని 2010 నుంచి పార్టీలతోని సంబంధం లేని ఒక స్వతంత్ర సరిహద్దుల కమిషన్‌ది. మన దగ్గర ముసాయిదా తయారు చేసేది మున్సిపల్ కమిషనర్, ఖరారు చేసేది సర్కారు. గెలిచినోళ్ల సర్కారు చేతిల గీత ఉంటే ఓడినోళ్లకు అనుమానం రాకుంట ఎట్లుంటది? ఆ పని మనకాడ కూడ ఒక వేరే సంస్థకు అప్పజెప్పాలన్నది నా మాట.

అది అయ్యేదాక మన చేతిల ఉన్నది ఒక్కటే. వార్డుల ముసాయిదా మీద అభ్యంతరాలకు ఇచ్చేది కొద్ది రోజుల గడువు. ఆ రోజులల్ల పోటీ చేసేటోళ్లే ఆఫీసు చుట్టు తిరుగుతరు, ఓటేసే మనం మాత్రం పోము. ఈసారి ముసాయిదా బోర్డు మీద పెట్టినప్పుడు పోయి చూడండి. మీ గల్లీని అడ్డంగ కోసినట్టుంటే కాగితం మీద రాసియ్యండి, ముద్ర కొట్టిన రసీదు తీసుకోండి. ఓటేసినంక గీత గురించి కొట్లాడితే లాభం లేదు.