రాయగడ మీదుగా పోయిన ఓడలు

మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి రైలు వంతెన మీద గూడ్సు బండి వెళ్తోంది. వేగన్లు లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. నలభై దాటాక లెక్క తప్పింది. కొబ్బరికాయల కొట్టు పక్కన కూర్చున్న పెద్దాయన నా పెదవులు కదలడం చూసినట్టున్నాడు. "యాభై ఎనిమిది, బావు" అన్నాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడట. వాళ్ల నాన్న కూడా ఇదే లైనులో గ్యాంగ్‌మన్.

నేను రాయగడ వచ్చింది ఆ లైను కోసమే. ఏడాదిగా రెండో ప్రపంచ యుద్ధం నాటి ఉత్తర ధ్రువపు ఓడల బారుల గురించి చదువుతున్నాను. కాన్వాయ్ అంటే మనకు మంత్రిగారి కార్లు గుర్తొస్తాయి. ఆ రోజుల్లో ఆ మాటకు అర్థం వేరు. ముప్పై నలభై సరుకు ఓడలు వరసలు కట్టి, చుట్టూ యుద్ధనౌకలు కాపలా కాస్తుంటే, ఐస్‌లాండ్ నుంచి నార్వే తలమీదుగా మూర్మాన్స్క్‌కో అర్ఖంగెల్స్క్‌కో వెళ్లేవి. 1941 ఆగస్టు ఆఖరున మొదటి బారు అర్ఖంగెల్స్క్ చేరింది. యుద్ధం ముగిసేలోగా 78 బారులు, దాదాపు 1,400 ఓడలు, 40 లక్షల టన్నుల సరుకు. 85 సరుకు ఓడలు మునిగిపోయాయి. ఎగిరిపడిన కెరటం తుంపర ఓడ మీదే గడ్డకట్టి, ఆ బరువుకు ఓడ ఒరిగిపోయేది. నావికులు రాత్రీ పగలూ గొడ్డళ్లతో ఆ మంచు కొట్టిపోసేవారు. నీళ్లలో పడ్డవాడికి ఉండేది కొద్ది నిమిషాలే.

చదువుతూ చదువుతూ ఒక చోట ఆగాను. ఆ ఓడల్లో రష్యా నుంచి తిరుగు ప్రయాణంలో వచ్చిన సరుకుల్లో కలప, క్రోమియం ఖనిజంతో పాటు మాంగనీసు కూడా ఉంది. మాంగనీసు అన్న మాట వినపడితే విజయనగరం జిల్లావాడు తలెత్తి చూస్తాడు. గరివిడి, గర్భాం, కోడూరు గనులు మా ఇంటి మాటలు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే 1890లలో, మా వైపు. కోడూరు పేరు మీద కోడూరైట్ అని ఒక రాతికి పేరు కూడా ఉంది.

మాంగనీసు లేనిదే ఉక్కు లేదు. టన్ను ఉక్కుకు ఆరేడు కిలోలైనా పడాలి. అంతకంటే ఎక్కువ, వందకు పన్నెండు పాళ్ల దాకా కలిపితే దెబ్బ తగిలేకొద్దీ గట్టిపడే ఉక్కు తయారవుతుంది. బ్రిటిష్ సిపాయి నెత్తిన పెట్టుకున్న ఇనపటోపీ అదే. యుద్ధానికి ముందు ప్రపంచంలో మాంగనీసుకు మొదటి గుమ్మం సోవియట్ దేశం, రెండోది మనది. 1941లో జర్మన్లు ఉక్రెయిన్‌లోని నికోపోల్ గనులు పట్టుకోగానే మన రాయి విలువ ఎక్కడికి పెరిగిందో ఊహించుకోవచ్చు.

ఆ రాయి కదిలిన దారి ఇది. బాలాఘాట్, భండారా, నాగపూర్ గనుల మాంగనీసు కలకత్తాకో బొంబాయికో అంతదూరం పోనక్కర్లేకుండా దగ్గర్లో ఒక రేవు కావాలన్నది అప్పటి ఆలోచన. బెంగాల్ నాగపూర్ రైల్వే పార్వతీపురం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వరకు లైను పూర్తి చేసింది 1931లో. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' విశాఖ కొత్త రేవులోకి అడుగుపెట్టింది, డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి దాన్ని లాంఛనంగా ప్రారంభించాడు. లైను, రేవు కవలపిల్లలు. అప్పటికి రాయగడ, కోరాపుట్ కూడా విశాఖపట్నం జిల్లాలోవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. అందుకే ఈ ఊళ్లో ఇప్పటికీ తెలుగులో అడిగితే తెలుగులోనే బదులొస్తుంది.

ఈ లైను వేసేటప్పుడు ఇక్కడి వంతెన కట్టినప్పుడల్లా కూలిపోయేదనీ, అమ్మవారు కాంట్రాక్టరు కలలో కనపడి గుడి కట్టమందనీ, గుడి కట్టాకే వంతెన నిలిచిందనీ అందరూ చెప్పుకుంటారు. పెద్దాయన కూడా అదే చెప్పాడు. నేను ఆ కథను తోసిపుచ్చను. కొండల మధ్య ఆ నదుల మీద స్తంభాలు నిలబెట్టిన కూలీలలో ఎంతమంది జ్వరాలతో, వరదలతో పోయుంటారో ఎవరూ రాసిపెట్టలేదు. అమ్మవారి కథలో ఆ కష్టం ఒక్కటైనా మిగిలింది.

"యుద్ధం రోజులు మీ నాన్నగారు ఏమైనా చెప్పేవారా?" అని అడిగాను.

"సెప్పకేం. ఇశాపట్నంల బాంబులడ్డాయి గదా. ఆ మర్నాటికల్లా బళ్ల నిండా జనవే. మూటలు, ముంతలు, పిల్లా మేకా. యాడికెల్తారో ఆల్లకే తెల్దు. కొండలెక్కీస్తే సాలు అనుకున్నారంట. రా బావు, ఇంటికెల్దాం. అక్కడ సూపిస్తాను."

ఆయన అంటున్నది 1942 ఏప్రిల్ 6. ఆ రోజు జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పేలని బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతుంటారు. బాంబు అందరికీ గుర్తుంది. అదే రోజు అదే సముద్రంలో జరిగిన అసలు ఘోరం ఎవరికీ గుర్తులేదు.

కలకత్తా రేవులో ఓడలు కిక్కిరిసిపోయి ఉన్నాయని, అక్కడే ఉంటే ప్రమాదమని, వాటిని బయటికి పంపేశారు. కాపలాకు ఇవ్వడానికి యుద్ధనౌకలు లేవు. ఒడ్డు వెంబడి, విడివిడిగా వెళ్లమన్నారు. జపాన్ అడ్మిరల్ ఒజావా నౌకాదళం మూడు పాయలుగా చీలి ఒడిశా, ఉత్తరాంధ్ర తీరాల వెంట వాటిని వేటాడింది. ఆ కొద్ది రోజుల్లో 23 సరుకు ఓడలు, 1,12,312 టన్నులు, అడుగంటాయి. విమానాల దెబ్బకు కదల్లేకపోయిన 'డార్డానస్'ను 'గందారా' అనే మరో ఓడ తాడు కట్టి లాక్కెళ్తోంది. ఆ స్థితిలోనే శత్రు క్రూజర్లు వచ్చిపడి రెండింటినీ ముంచేశాయి. ఈ సంగతి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. పారిపోగలిగి కూడా తాడు విప్పుకోని ఓడ అది.

మూడు నెలలు తిరక్కుండా ఉత్తరాన సరిగ్గా ఇదే జరిగింది. పీక్యూ 17 అనే బారులో 35 సరుకు ఓడలు ఐస్‌లాండ్ నుంచి బయల్దేరాయి. జర్మన్ మహానౌక టిర్పిట్జ్ వస్తోందని భయపడి, లండన్‌లో కూర్చున్న అడ్మిరల్ డడ్లీ పౌండ్ జులై 4న కాపలా నౌకల్ని వెనక్కి పిలిచి, సరుకు ఓడల్ని చెల్లాచెదురైపొమ్మన్నాడు. టిర్పిట్జ్ ఆ ఓడల దగ్గరకు రానే లేదు. జలాంతర్గాములు, విమానాలు వచ్చాయి. 24 ఓడలు పోయాయి. వాటితో 430 ట్యాంకులు, 210 విమానాలు. ఎయిర్‌షైర్ అనే చిన్న పడవ మాత్రం మూడు ఓడల్ని వెంటేసుకుని మంచుగడ్డల మధ్యకు దూరి, వాటికి తెల్లరంగు పూయించి, దుప్పట్లు కప్పించి దాచింది. ఆ మూడూ రష్యా చేరాయి.

పీక్యూ 17 మీద పుస్తకాలు వచ్చాయి, బ్రిటన్ 2013లో ఆర్కిటిక్ నావికులకు ప్రత్యేక పతకం ఇచ్చింది. ఇవ్వాల్సిందే. మన బంగాళాఖాతం నావికులకు ఏముంది? బ్రిటిష్ సరుకు ఓడల్లో ఆ యుద్ధకాలంలో పనిచేసిన భారతీయ ఖలాసీలు, సరంగులు, బాయిలర్లకు బొగ్గు వేసేవాళ్లు యాభై వేలకు తగ్గరు. జీతం తెల్ల నావికుడి జీతంలో చిన్న ముక్క. దాని కోసం 1939లోనే సమ్మె చేసి జైళ్లకెళ్లారు. మరీ ఉత్తరపు చలి జలాల్లోకి వాళ్లను తీసుకుపోకూడదన్న నిబంధనలు ఒప్పందాల్లో ఉండేవి. కాబట్టి వాళ్లలో ఎక్కువమంది ప్రాణాలు పోయింది అట్లాంటిక్‌లో, మన సముద్రాల్లో. మృతులు ఆరువేల ఆరువందలని లెక్క. పేర్లు రాసిన పుస్తకం ఒక ప్రతి ముంబైలో, ఒకటి చిట్టగాంగ్‌లో ఉన్నాయి. విశాఖ బీచి రోడ్డులో ఒక్క రాయి మీదైనా ఆ 23 ఓడల పేర్లు చెక్కించాలని నా కోరిక. ఎవరిని అడగాలో వాళ్లను అడుగుతూనే ఉంటాను.

మర్నాడు కోరాపుట్ బండెక్కాను. ఈ కొండలైను 1990ల చివర్లో వచ్చింది. సొరంగం, వెలుగు, లోయ, మళ్లీ సొరంగం. దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా వేగన్లు నిలబడి ఉన్నాయి. అవీ విశాఖ రేవుకే. కోరాపుట్ మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైను కథ ఇంకా వింత. 1942లో బాంబులేసిన జపాన్‌తోనే 1960లో ఒప్పందం చేసుకుని, బైలాడిల్లా ఇనపరాయి వాళ్లకు పంపడానికి ఆ లైను వేశారు. పక్కనే సునాబెడలో, 1964లో, ఉత్తరపు ఓడలు ఎవరికి సరుకు మోశాయో ఆ సోవియట్ వాళ్లు వచ్చి మిగ్ విమానాల ఇంజన్లు చేయడం మనవాళ్లకు నేర్పారు. ఆ ఇంజన్ల ఫ్యాక్టరీ హెచ్ఏఎల్ ప్రహరీ పక్కన నీలగిరి చెట్ల కింద పొద్దుటి చలిలో నడిచాను. ఒక టీ కొట్టు, కాలనీ బడికి పోతున్న పిల్లలు. అంతకుమించి చూడ్డానికి ఏమీ లేదు. చాలాసేపు నిలబడ్డాను.

రాయగడలో ఆ సాయంత్రం పెద్దాయన ఇంట్లో చూసింది చెప్పాలి. స్టేషను వెనక సందులో పెంకుటిల్లు. పెరట్లో ఆయన భార్య మినప్పప్పు రుబ్బుతోంది.

"ఆ బండిలో వొచ్చిన ఒకామె రుబ్బురోలు ఇంట్లో ఒగ్గీసి, పొత్రం ఒక్కటే ఒళ్లో ఎట్టుకొచ్చీసినాదంట, బావు. కంగారు గదా, ఏది సేతికొస్తే అది. ఇక్కడ దిగి మా అమ్మకిచ్చి, మల్లీ వొస్తాను, అట్టిపెట్టు అన్నాదంట. రానేదు."

పొత్రం నల్లగా నున్నగా ఉంది. రోలు ఇక్కడి సంతలో తర్వాత కొన్నదట. గుంట పొత్రానికి కొంచెం పెద్దది. అందుకని ఆవిడ ఒక చేత్తో పిండి ఎగదోస్తూ, రెండో చేత్తో పొత్రం పక్కకు ఒరిగిపోకుండా పట్టుకుని తిప్పుతోంది.